ఐదు స్టార్ల కుర్రాడి వేళ్లు

ఆగస్టు 3, ఆదివారం

మా కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఎవరు ముందు దిగుతారో చెప్పే కొత్త చార్ట్ లాకర్ రూమ్ గోడ మీద అంటించారు. లెఫ్ట్ టాకిల్ దగ్గర నా పేరు కింద ఉంది. పైన కేడ్రిక్ మాస్‌లీ, ఆటగాళ్లకి కట్టే రేటింగ్‌లో ఐదుకి ఐదు స్టార్లున్నవాడు. హైస్కూల్ వదిలి ఇంకా వేసవి కూడా పూర్తి కాలేదు వాడికి.

ఒళ్లు మండిపోతోంది. పోయిన సీజనంతా ఆ చోటు నాది. రైలన్ మా క్వార్టర్‌బ్యాక్, నా రూమ్మేట్ కూడా. వాడు బంతి విసరడానికి చెయ్యి ఎత్తినప్పుడు ఎడమ పక్క నుంచి వచ్చేవాడు వాడికి కనపడడు. కనపడనివాణ్ని ఆపడమే నా పని. ఏడాదిలో ఒక్కడు కూడా నన్ను దాటి వాడి మీద పడలేదు. ఇది నా ఆఖరి సంవత్సరం. ఇప్పుడు ఆడకపోతే ఇంకెప్పుడూ ఆడను. తర్వాత నాన్న కోళ్ల షెడ్లే గతి.

ఏం తిన్నావురా అని రైలన్ అడిగాడు. తలుపు ధడాల్న వేసేశాను.

ఆగస్టు 4

హోయ్ట్ బ్రాస్‌వెల్‌ను అడిగాను. మా లైన్ కోచ్ ఆయన. ఒక్క స్టార్ కూడా లేకుండా, స్కాలర్‌షిప్ లేకుండా, ఆడనిస్తే చాలని వచ్చినవాణ్ని మనిషిని చేసింది ఆయనే. కాలు ఎక్కడ వెయ్యాలో, చెయ్యి ఎప్పుడు విసరాలో అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్టార్లు ఆకాశంలో ఉంటాయిరా ఓరిన్, ఆట నేల మీద ఉంటుంది అనేవాడు.

ఇవాళ నా మొహం చూడలేదు. హెడ్ కోచ్ రెన్‌ఫ్రో మాటిచ్చేశాడు, నా చేతుల్లో ఏం లేదురా అన్నాడు. విషయం ఏమిటంటే, రెన్‌ఫ్రో చలికాలంలో ఆ కుర్రాణ్ని మా టీమ్‌కి ఒప్పించడానికి వాడి అమ్మమ్మ మిస్ ఎర్లీన్ ఇంటికి వెళ్లాడు. వంటింట్లో కూర్చుని క్యాట్‌ఫిష్ వేపుడు తిన్నాడు. పీచ్ కాబ్లర్ రెండోసారి వడ్డించుకుంటూ, మొదటి ఆట మొదటి బంతికే నీ మనవడు దిగుతాడమ్మా, నాదీ పూచీ అన్నాడు. అలబామాలో కాంట్రాక్టు తప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. అమ్మమ్మ వడ్డించిన బల్ల దగ్గర ఇచ్చిన మాట తప్పితే మాత్రం ఇంకే అమ్మమ్మా గడప తొక్కనివ్వదు.

అంటే నా చోటు చేపల వేపుడుకి పోయింది.

ఆగస్టు 9

నిజం రాసుకోవాలి. కుర్రాడు మామూలువాడు కాడు. గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుగు రాదు. అంత మనిషీ పరుగెడితే కాళ్ల చప్పుడు వినపడదు. నేను మూడేళ్లు చచ్చీచెడీ నేర్చుకున్నవి సగం వాడికి పుట్టుకతోనే వచ్చాయి. అందుకే ఇంకా మంట.

ప్రాక్టీసులో రెన్‌ఫ్రో అందరి ముందూ బ్రాస్‌వెల్‌తో అన్నాడు: సరుకు తెచ్చేది నేను హోయ్ట్, నువ్వు దాన్ని పాడు చెయ్యకుండా ఉంటే చాలు, దేవుడే నేర్పి పంపినవాడికి నువ్వేం నేర్పుతావు అని. అందరూ నవ్వారు. బ్రాస్‌వెల్ కూడా నవ్వాడు. ఆయన చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆగస్టు 13

దొరికాడు!

బంతి పట్టుకుని పరుగెత్తే ఆట అయితే కేడ్రిక్ ఒంటి బరువంతా ముందుకు వేస్తాడు. వంగి నేల మీద ఆన్చిన చేతి వేళ్లు గడ్డిలోకి దిగబడతాయి. పాస్, అంటే బంతి విసిరే ఆట అయితే బరువు మడమల మీదికి పోతుంది. వేళ్లు గడ్డికి ఆనీ ఆనకుండా ఉంటాయి. పొద్దున్నుంచీ చూశాను, ఒక్కసారీ తప్పలేదు. ఎదుటివాడికి కళ్లుంటే చాలు, బంతి కదలకముందే ఏ ఆటో తెలిసిపోతుంది. చెబితే వారం రోజుల్లో సర్దుకునే లోపం.

ఇంకెవరూ గమనించినట్టు లేదు.

ఆగస్టు 14

చెప్పను. ఐదు స్టార్లున్నవాడు తనే తెలుసుకుంటాడు.

ఆగస్టు 20

వాడే వచ్చాడు. అన్నా, నేను నిలబడే తీరులో ఏమైనా తేడా ఉందా, నువ్వు చెబితే దిద్దుకుంటా, మా ఊళ్లో నన్నెవరూ ఓడించలేదు కాబట్టి ఎవరూ ఏమీ నేర్పలేదు అన్నాడు. బ్రహ్మాండంగా ఉంది తమ్ముడూ అన్నాను. థాంక్స్ అన్నా అని, అమ్మమ్మ పంపిన పౌండ్ కేక్‌లో సగం నా చేతిలో పెట్టి పోయాడు.

ఎవడడిగాడు వాడి కేకు? వాడు తలబిరుసుగా ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేది. రైలన్‌కి ఇచ్చేశాను. లొట్టలేసుకుంటూ తిన్నాడు.

ఆగస్టు 30, శనివారం. ఉదయం

నాన్న కోళ్లను పక్కింటివాళ్లకి అప్పజెప్పి వచ్చాడు. నువ్వెప్పుడు దిగుతావురా అని అడిగాడు. చూద్దాం అన్నాను.

అదే రోజు, ఆట తర్వాత

గెలిచాం. అలా రాయాలని లేదు.

మొదటి బంతికే కేడ్రిక్ దిగాడు. మిస్ ఎర్లీన్ టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అవతలి టీమ్‌లో కేడ్రిక్‌కి ఎదురుగా నిలబడే ఎండ్ ముదురు, గడ్డం నెరిసినట్టుంటాడు. రెండో క్వార్టర్లో వాడు కిందికి చూడటం మొదలుపెట్టాడు. ముందు కేడ్రిక్ చేతిని చూస్తున్నాడు, తర్వాత నవ్వుతున్నాడు. నేను బెంచి మీద కూర్చుని అదంతా చూస్తున్నాను. ఇప్పుడైనా లేచి చెప్పచ్చు. సైడ్‌లైన్‌కి వచ్చినప్పుడు చెవిలో ఒక్క ముక్క చాలు. చెప్పలేదు. కుక్కిన పేనులా కూర్చున్నాను.

బంతి కదిలేసరికే వాడు కేడ్రిక్‌ను దాటేశాడు. రైలన్ వాణ్ని చూడనేలేదు. పడ్డ చప్పుడు బెంచి దాకా వినిపించింది. రైలన్ కాలర్‌బోన్ విరిగింది, వాడి సీజన్ అయిపోయింది.

అప్పుడు బ్రాస్‌వెల్ నా భుజం మీద చరిచి వెళ్లరా అన్నాడు. వెళ్లాను. బాగా ఆడాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

ఆగస్టు 31

నిన్నటి ఆట ఫిల్మ్ చూడటానికి బ్రాస్‌వెల్ నన్నొక్కణ్నే పిలిచాడు. కేడ్రిక్ చెయ్యి దగ్గర ఆపాడు. ఇది నువ్వు ఎప్పుడో చూశావు కదరా అన్నాడు. నేనూ చూశాను, వాడొచ్చిన మొదటి వారంలోనే అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. మరి ఎందుకు చెప్పలేదని అరిచాను. సరుకుంటే చాలన్నాడుగా ఆ రెన్‌ఫ్రో, ఉత్త సరుకు ఏపాటిదో చూడనీ అనుకున్నా అన్నాడు. నీ కోసం కూడారా, నీ చోటు నీకు వచ్చిందిగా అన్నాడు.

నా కోసమట! నేర్పడమే గొప్పదని మూడేళ్లు నా చెవిలో ఊదిన మనిషి, నేర్పమని వచ్చిన కుర్రాడికి నేర్పకుండా గాలికొదిలేశాడు. మీరు కోచ్ కదా, నేను కాదు కదా అన్నాను. నువ్వు రైలన్ స్నేహితుడివి కదా, నేను కాదు కదా అన్నాడు.

కుర్చీని తన్ని బయటికి వచ్చేశాను. ఆంబోతులు కొట్లాడుకుంటే లేగల కాళ్లు విరుగుతాయంటారు. నేను లేగల వైపు ఉన్నాననుకున్నాను.

రెన్‌ఫ్రో ఏమో విలేకర్లతో చెబుతున్నాడు, ఇంకో ఐదు స్టార్ల టాకిల్‌తో మాట్లాడుతున్నామని.

సెప్టెంబర్ 1

రైలన్ ఎడమ చేత్తో పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ ఒలకబోసుకుంటూ తింటున్నాడు. నువ్వే ముందు నుంచీ ఆడుంటే నాకిది జరిగేది కాదురా అన్నాడు. నన్ను మెచ్చుకుంటున్నాడు. ఒక్క తన్ను తన్నినా ఇంతకంటే బాగుండేది.

కేడ్రిక్ మా మెట్ల మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడట, లోపలికి రావడానికి మొహం చెల్లక. ఇంటికి పోతానంటున్నాడు. నేను దీనికి పనికిరాను అన్నా, అందరూ ఊరికే పొగిడారు అన్నాడు. దాటుకుని వచ్చేశాను.

దాటుకుని ఎలా రాగలిగానో తెలీదు.

సెప్టెంబర్ 2

చెప్పేశాను. కేడ్రిక్‌ను ప్రాక్టీసు ఫీల్డ్‌కి లాక్కెళ్లి, వేళ్లు, మడమలు, అన్నీ చూపించాను. ఎప్పట్నుంచి తెలుసు అన్నాడు. నువ్వు కేకిచ్చిన రోజుకి ముందే అన్నాను. ఇక నన్ను అన్నా అని పిలవలేదు.

తర్వాత చెయ్యి నేలకు ఆన్చాడు. ఎదురుగా నేను ఎండ్‌గా నిలబడ్డాను. సాయంత్రం దాకా చేశాం. మొదట్లో దాటాను. తర్వాత దాటలేకపోయాను. ఆఖర్న నన్ను ఎత్తి వెల్లకిలా పడేశాడు. నా చోటు పోయిందని అక్కడే, గడ్డి మీద తెలిసింది.

లేవడానికి చెయ్యి అందిస్తాడేమోనని చూశాను. అందించలేదు. మళ్లీ నిలబడు అన్నాడు.