గొంతు ఎరుపెక్కని పక్షి

లుఖో నాన్నకు,

రోజూ వస్తోందని రాశానే, ఆ పెద్ద నల్లటి పక్షి మంగళవారం ఉదయం ఆరింటికి అత్తమ్మ గది కిటికీ అద్దాన్ని ముక్కుతో పొడిచి పగలగొట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇక్కడ అందరం బాగున్నాం. గనిలో మీరూ బాగున్నారని తలుస్తాను. వాన ఇంకా లేదు. ఆవుల్ని మ్బాషే నది మడుగు దాకా తోలుతున్నాం.

మీ పోయిన ఉత్తరంలో ఆ పక్షి ఎలా ఉంటుందని అడిగారు. సీమకోడి అంత ఉంటుంది. ముక్కు నలుపు, పొడవు, కిందికి వంగి ఉంటుంది. ఎక్కువగా నేలమీదే నడుస్తుంది. గొంతు కింద వేలాడే చర్మం ఎర్రగా లేదు, బూడిద కలిసిన పసుపు. అందుకే అది ఎర్రగొంతు ఇంత్సికిజి కాదు, అడవి చెట్ల మీద తిరిగే ఇలిత్వా అని కనిపించిన రోజే అందరికీ చెప్పాను. రేడియో విలేకరిని కదా, నా మాట నమ్మారు. ఇంత్సికిజి వాలిన ఇంట్లో చావు తప్పదని, ఇల్లు వదిలి పోవడానికి దుప్పట్లు మూట కట్టుకున్న అత్తమ్మ కూడా మూట విప్పింది.

నమ్మనిది భేలే తాతగారు ఒక్కరే. ఇంత్సికిజి కాలికి రాయి కట్టి మడుగులో ముంచితే ఆకాశం ఏడ్చి వాన పడుతుందని ఆయన పట్టు. "మా గొంతులు ఎండిపోతుంటే మీ కోడలు దాని గొంతు రంగు చూస్తూ కూర్చుంది" అని అత్తమ్మతో అన్నారట.

మొదటి వాక్యంలోనే రాయాల్సిన వార్తను ఇక్కడిదాకా వాయిదా వేశాను. అద్దం పగిలాక ఆ పక్షి ఎగిరింది. విప్పిన రెక్కల చివరి ఈకలు ఇంత్సికిజికి ఉన్నట్టే తెల్లగా ఉన్నాయి. ఇలిత్వాకు పొట్ట తెల్లగా ఉండాలి. దీని పొట్ట నలుపే. ఇది ఇంత్సికిజే. ఇంకా పిల్ల, గొంతు ఎరుపెక్కడానికి కొన్నేళ్లు పడుతుంది. నేను ఒక్క గుర్తు చూసి తేల్చేశాను.

ఆ సాయంత్రమే అత్తమ్మకు చెప్పాను. ఆవిడ సంకటిలో పుల్లపాలు కలుపుతూ, పొడిచేటప్పుడు అది తనని చూసిందా అద్దాన్ని చూసిందా అని అడిగింది.

"అద్దాన్నే అత్తమ్మా. లోపల ఇంకో పక్షి ఉందనుకుంది."

"అయితే దాని తగువు దానితోనే. నాతో పనేముంది?" అంది. ఇంకో ముద్ద తిని, "మూట నేను కట్టను. భేలేకి మాత్రం అబద్ధం చెప్పకు" అంది.

ఇప్పుడు నేను నిజం చెబితే పక్షి మడుగులోకి పోతుంది.

అది రోజూ వచ్చేది అద్దం కోసమే. అందుకని శుక్రవారం మధ్యాహ్నం అత్తమ్మా నేనూ మిగిలిన అద్దాలన్నిటికీ బయటివైపు మట్టి పూస్తాం. తన రూపం కనబడకపోతే దిగువ లోయకు పోతుందని మా ఆశ. శనివారం ఉదయం పదింటికి భేలే తాతగారు తాడు పట్టుకుని వస్తారు. అదేం పక్షి అని అడుగుతారు. ఇంత్సికిజి అనే చెబుతాను.

ఇట్లు,
లుఖో అమ్మ