మనం పెట్టని పేర్లు

మామయ్యకు, నమస్కారాలు.
ఆసుపత్రి గదులన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. గదికో టేబుల్, అంటే పట్టిక, చేశాను. శుక్రవారం తనిఖీ. లెక్క తప్పితే నా గది స్టోరు గుమాస్తాకి ఇచ్చేస్తారట. కిటికీ ఉన్న గది, ప్రాణం పోయినా వదలను. నలభై ఏళ్లు ఇక్కడి తాళాల గుత్తి మోసినవాడివి నువ్వే. పేర్లన్నీ ప్రింటు తీసి పంపుతున్నాను. ఉన్న గదులకు టిక్కు పెట్టు.
నీ మేనకోడలు
తా.క. కళ్లజోడు పెట్టుకుని చూడు.

అమ్మాయికి, దీవెనలు.
చూశాను. రెండు వందల పంతొమ్మిది. అన్నీ ఉన్నాయి.
మామయ్య
తా.క. సిస్ మూడు తలుపు కాస్త ఎత్తి తోయాలి.

మామయ్యకు,
నీ ఉత్తరం చదివి ఆఫీసంతా నవ్వింది. మన గదులు రెండు వందల పన్నెండే. మిగతా ఏడూ గదులు కావు. డేటాబేస్ తన లోపలి పనులకు తానే చేసుకున్న టేబుళ్లు. పేరూ తానే పెట్టుకుంటుంది, సిస్టమ్‌కి పొట్టిగా 'సిస్' అని, వెనక ఒక అంకె. మనవాటికి అలా మొదలయ్యే పేరు పెట్టకూడదని రూలు.
నవ్వానని అలగకు.
మేనకోడలు
తా.క. సిస్ అని ఉన్నవాటిని ఎవరూ చెరపలేరు. అందుకే నా గది పేరు సిస్ ఎనిమిది అని మార్చేశాను. గుమాస్తా ఏం చేసుకుంటాడో చేసుకోనీ.

అమ్మాయికి,
నవ్వితే నవ్వారు. ఆ రూలు మాకూ ఉండేది. ఆసుపత్రి తనకు కావలసిన గదులు తానే చేసుకుంటుంది. ప్లానులో ఉండవు. తాళం మాత్రం ఒక పొద్దున గుత్తిలో కనిపిస్తుంది. దాని బిళ్ల మీద ఉన్న గుర్తు మన తలుపుల మీద వేయకూడదు. ఒక కాంపౌండరు సరదాకి తన గది తలుపు మీద వేశాడు. ఆ తలుపు పోయి గోడ మిగిలినచోట ఆయన భార్య రోజూ క్యారేజీ పెట్టేది. సాయంత్రానికి ఖాళీ అయ్యేది. మనిషి కనబడలేదు.
పేరు ఈరోజే మార్చు.
మామయ్య
తా.క. ఆవిడ ఉప్పు మరిచిన రోజు మాత్రం క్యారేజీ అలాగే ఉండేది.

మామయ్యా,
మార్చబోతే ఒప్పుకోలేదు. ఇది నీది కాదు అని తెర మీద వస్తోంది. తనిఖీ ఆయన రెండు వందల పదకొండు గదులు లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం పెట్టాడు. గుమ్మంలో నిలబడి, నా గది వదిలేశారండీ అన్నాను. తల తిప్పలేదు. గుమాస్తా వచ్చి, నా తలుపు ఉన్నచోట గోడ తడుముకుని వెళ్లిపోయాడు.
గది దక్కింది. కిటికీలోంచి మాత్రం ఇదే గది కనిపిస్తోంది. తలుపు తీసినా ఇదే.
నేను
తా.క. ఇది తలుపు కింద నుంచి తోస్తున్నాను. అందితే రా.

అమ్మాయికి,
మా గుమ్మం లోపల దొరికింది. వచ్చాను. నీకోసం అడగబోతే నీ పేరు నోటికి రాలేదు. ఆ పేరు పెట్టింది నేనే. చీటీ మీద రాయబోతే చెయ్యి సిస్ ఎనిమిది అని రాసింది.
నీ కుర్చీలో కొత్తతను ఉన్నాడు. మెట్ల కింద చీపుర్ల గదికి సిస్ తొమ్మిది అని పెట్టమని బతిమాలాను. రూలు ఒప్పదన్నాడు. ముసలాడి ముచ్చట అన్నాను. పెట్టాడు. లోపలికొచ్చి కూర్చున్నాను. వరండాలో చప్పుడు ఆగిపోయింది.
ఎనిమిదికి పక్కదే తొమ్మిది. గోడ కొడుతున్నాను. భయపడకు.
మామయ్య
తా.క. నువ్వు ఒక పక్కనే ఉంటావు కదమ్మా. రెండు పక్కలా కొడుతున్నారు.