కారడం మొదలైనప్పుడే

అన్నయ్యా,

ఫోన్ చేస్తే "పనిలో ఉన్నానే" అని పెట్టేస్తున్నావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవని రాస్తున్నాను.

దొడ్డికెళ్తే నీకు రక్తం పడుతోందట. వదిన మీద ఎగరకు, నేనే గుచ్చిగుచ్చి అడిగి చెప్పించుకున్నాను. మొలలేలే, వేడి చేసిందంటున్నావట. నాన్న కూడా అలాగే అనేవారు, మనమూ నమ్మాం. చివరికి పొట్ట కోసి చూసి, చెయ్యి దాటిపోయిందన్నారు.

ఇప్పుడు కోసి చూడక్కర్లేదు. పోయిన నెల నాకు మత్తిచ్చి, కెమెరా గొట్టంతో పెద్దపేగంతా చూశారు. చిన్న బొడిపె కనబడితే ఆ గొట్టంతోనే అప్పటికప్పుడు తీసేశారు. వదిలేస్తే ఎప్పటికైనా క్యాన్సర్ అయ్యేదేమోనట. "మీ అన్నయ్యకీ చూడాలమ్మా" అంది డాక్టరమ్మ.

సిగ్గంటావా? ప్లంబరువి, ఊరందరి మరుగుదొడ్లూ బాగుచేసేవాడివి. గోడ పగలగొట్టకుండా పైపులోకి కెమెరా దింపి, అడ్డెక్కడుందో చూపించి మరీ గొప్పలు పోతావు. నీదాకా వచ్చేసరికి సిగ్గెక్కణ్ణుంచి వచ్చింది?

శుక్రవారానికి ఆస్పత్రిలో నీ పేరు రాయించాను. గురువారం పొద్దున్నే వచ్చేస్తాను. పేగు శుభ్రం చేసే మందు నీ పక్కనే కూర్చుని తాగిస్తాను. నీ పనిముట్ల సంచీ వదిన దాచేస్తుంది, వెతక్కు.

ఇల్లంతా మునిగాక కబురు పెట్టేవాళ్ళని నువ్వెలా తిడతావో నాకు తెలుసు. "కారడం మొదలైనప్పుడే పిలవాలని తెలీదా?" అంటావు.

కారుతోంది అన్నయ్యా. పిలుస్తున్నాను.

నీ చెల్లెలు