నోట్‌బుర్గా అత్త ఒప్పుకోని స్తంభం

ఇన్స్‌బ్రుక్, ఏప్రిల్

గౌరవనీయురాలైన నోట్‌బుర్గా అత్తయ్యకు,

మన రెండు మంచుకొండలనూ కలుపుతూ రోప్‌వే వేస్తున్నాం. డిజైన్ నాది. నడుమ ఒక స్తంభం కావాలి, అది సరిగ్గా నీ పచ్చికబయలులోకి వస్తోంది. జతచేసిన కాగితం మీద సంతకం చేసి పంపగలవు.

ఇట్లు,
నీ మేనల్లుడు వెండెలిన్, ఇంజినీరు

తా.క. నల్ల సిరాతోనే చెయ్యాలి.

కొండమీది ఇల్లు, మే

చి. వెండెలిన్‌కు అత్త ఆశీస్సులు.

కుదరదు. స్తంభం చూసి బెదిరితే నా ఆవులు పాలు చేపవు.

ఇట్లు,
అత్త

తా.క. ఆదివారం కింద ఊళ్లో నీ కారు కనిపించిందట. ఆపిల్ కేకు చేశాను. ఊరికే చెబుతున్నా.

ఇన్స్‌బ్రుక్, మే

అత్తయ్యకు,

స్తంభాన్ని కంచె అవతల రాళ్లలోకి జరిపాను. అటు ఆవులు రావు. పశువుల నిపుణుడి నివేదిక కూడా పంపుతున్నాను.

ఇట్లు,
వెండెలిన్

తా.క. ఆవులకు కేకు పెట్టడం మంచిది కాదంటున్నాడు.

కొండమీది ఇల్లు, జూన్

చి. వెండెలిన్‌కు,

ఆ రాళ్లలో నా మేకలు తిరుగుతాయి. కుదరదు. మీ నిపుణుడికి మేనత్త ఉందా? ఉంటే ఎప్పుడైనా చూడ్డానికి వెళ్తాడా?

ఇట్లు,
అత్త

తా.క. పొయ్యి మీద కాఫీ ఎప్పుడూ ఉంటుంది. ఒక్కదాన్నే తాగుతున్నా.

ఇన్స్‌బ్రుక్, జూలై

అత్తయ్యా,

ఇక స్తంభమే వద్దు! ఈ కొండ నుంచి ఆ కొండకు ఒకే తాడు లాగేస్తాం. నడుమ ఆధారం లేకుండా ఇంత దూరం లోకంలో ఎవరూ లాగలేదు. మా డైరెక్టర్ తల పట్టుకున్నాడు. గాలికి తాడుకు వేలాడే బండి ఊగిందంటే నా ఉద్యోగం ఊడినట్టే. తిండి సహించడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గీసిందంతా మళ్లీ గీయాలనిపిస్తుంది. భయంగా ఉంది అత్తయ్యా.

ఇట్లు,
వెండెలిన్

తా.క. నువ్వు కాఫీ తగ్గించు. నాకు నిద్ర పట్టనిది దానివల్లేనంటున్నాడు డాక్టరు.

కొండమీది ఇల్లు, రెండేళ్ల తర్వాత, డిసెంబరు

చి. వెండెలిన్‌కు అత్త ఆశీస్సులు.

నిన్న ప్రారంభోత్సవానికి నేనూ వచ్చి ఎక్కాను. నీ చుట్టూ జనం, నువ్వు నన్ను చూడలేదు. అంత గాలిలోనూ బండి తొణకలేదురా! గర్వంతో ఏడుపొచ్చింది. మంత్రిగారు నీ సాహసాన్ని పొగుడుతుంటే మాత్రం నవ్వాగలేదు.

పైనుంచి చూస్తే నా పచ్చిక ఎంత ఖాళీగా ఉందో! పది స్తంభాలు పట్టేవి. మేకలంటావా, నీ మొదటి ఉత్తరానికి ఎంతో ముందు, మీ మామయ్య పోయినప్పుడే అమ్మేశాను.

ఒరేయ్, మన లోయలో నేల కావాలంటే టపాలో అడుగుతారా? పొరుగువాళ్ల చేలో నీళ్ల గొట్టం వెయ్యడానికి మీ తాత ఆ పొరుగింటి బల్ల దగ్గర కూర్చుని, రొట్టె తిని, మూడో గ్లాసు పండ్ల సారా అయ్యాక గానీ నోరు విప్పలేదు. నువ్వు ఒక్క కప్పు కాఫీకి వచ్చి అడిగుంటే ఆ పూటే ఇచ్చేదాన్ని.

ఇట్లు,
అత్త

తా.క. రెండో లైనుకు నా పచ్చికలో స్తంభం కావాలని నీ కాగితం మళ్లీ వచ్చింది, టపాలోనే. ఆదివారం కేకు చేస్తున్నా. వచ్చావా సరే, లేదంటే నీ రికార్డు నువ్వే బద్దలుకొట్టుకో.