కడుపు మీదా, అమ్మాయిదా

మార్చి 3, సోమవారం

ఇంట్లో పెద్ద ఆడదిక్కు లేదు. అల్లుడు ఓడ ఉద్యోగంలో ఉన్నాడు. కనుక అమ్మాయి కాన్పు బాధ్యత నాదే. ఆసుపత్రి నుంచి మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చి చూసింది. ప్రశ్నలన్నీ అమ్మాయిని అడిగింది. జవాబులన్నీ నేనే చెప్పాను, పూర్తి వాక్యాలలో. చివరికి ఆమె, మాస్టారూ, కడుపు మీదా, అమ్మాయిదా అంది. అమ్మాయి పకపకా నవ్వింది. నేను నవ్వలేదు.

మార్చి 5, బుధవారం

స్కాన్ నార్మల్. రిపోర్టులో అక్షరదోషాలు రెండు.

మార్చి 6, గురువారం, సాయంత్రం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

బిడ్డ పొద్దుటి నుంచి సరిగా కదలడం లేదని మధ్యాహ్నం అమ్మాయి అంది. స్కాన్ నార్మల్ అని గుర్తుచేశాను. బడిలో పనిచేసినన్నాళ్లూ, లెక్కల పీరియడ్ ముందు కడుపునొప్పి అన్నవాళ్లకు గంట కొట్టగానే నయం కావడం కళ్లారా చూసినవాణ్ణి. కాసేపు పడుకో, అదే సర్దుకుంటుందన్నాను. నేనేం పరీక్ష ఎగ్గొట్టడం లేదు నాన్నా అని విసుక్కుని, తానే మిడ్‌వైఫ్‌కు ఫోన్ చేసింది. స్కాన్ సంగతి చెప్పమని పక్కనుంచి సైగ చేస్తూనే ఉన్నాను. ఆమె అది అడగనేలేదట. నీకు తేడాగా ఉందా, అయితే వచ్చెయ్ అందట. నేను చొక్కా మార్చుకునేసరికి అమ్మాయి ఆటోలో ఉంది. రిపోర్టు కోసం వెనక్కి తిరగబోతే, ముందు ఎక్కు నాన్నా అని అరిచింది.

ఇక్కడికి వచ్చాక అమ్మాయే వెనకాడింది. ఒట్టి భ్రమేమో సిస్టర్ అని నసిగింది. భ్రమైతే కాఫీ తాగి ఇంటికెళ్దువుగాని, పద అని మిడ్‌వైఫ్ అమ్మాయి చేయి పట్టుకుంది. కడుపు మీద యంత్రం ఆనించింది. బిడ్డ గుండె చప్పుడు నెమ్మదిగా, ఆగి ఆగి వినిపించింది. వెంటనే డాక్టరమ్మను పిలిచింది. ఆపరేషన్ అన్నారు. మిడ్‌వైఫ్ ఆ చేయి వదలకుండానే లోపలికి వెళ్లింది.

తలుపు వేసేశారు. ఇంకేమీ రాయలేను.

మార్చి 7, శుక్రవారం

ఆడపిల్ల. బొడ్డుతాడు ముడిపడిందట. పుట్టాక ఊపిరి అందుకోవడానికి కొంత సేపు పట్టింది. ఇప్పుడు వార్డంతా వినిపించేలా ఏడుస్తోంది. తల్లీబిడ్డలు క్షేమం.

మిడ్‌వైఫ్ వచ్చి, అమ్మాయి గనక సాయంత్రం దాకా పడుకుని ఉంటే, మాస్టారూ, అని ఊరుకుంది. సగం వాక్యాన్ని సహించని నేను మిగతాది అడగలేదు. పడుకోమన్నది నేనేనని అమ్మాయి ఆమెకు చెప్పినట్లు లేదు.

మార్చి 16, ఆదివారం

పాప పాలు తాగే తీరు ఎందుకో తేడాగా ఉందని అమ్మాయి అంది. చెప్పులు లేకుండానే వెళ్లి ఆటో పిలుచుకొచ్చాను.