తెల్ల తూనీగ

మాస్టారూ,

మీరు పోయాక ఇదే మొదటి వేసవి. పిట్టలూ పూలూ పురుగుల గురించి మీరు రాసుకున్న నోటుబుక్కు అమ్మగారు నా చేతిలో పెట్టేరు. "ఆయనతో కొండెక్కేది నువ్వే కదా బాబూ, ఈ ఏడు నువ్వెళ్లిరా" అన్నారు.

కొత్తపేట నుంచి వచ్చి, ఇవాళ మన్యంలో మన చిత్తడినేల గట్టున కూర్చున్నాను. పసుప్పచ్చ పూలు, నీటికోళ్లు, ఎర్ర తూనీగలు, అన్నీ ఉన్నాయి.

పదో తరగతి వేసవిలో అవతలి గట్టు చూసి రమ్మని మీరు పంపితే, తెల్లారగట్ల కొండ చలికి తాళలేక టీకొట్లోనే ఉండిపోయాను. "ఏం చూశావురా?" అని మీరడిగితే, "తెల్ల తూనీగండీ" అనేశాను.

నోటుబుక్కులో ఆ తర్వాత ప్రతి వేసవికీ ఒకటే వాక్యం: "తెల్ల తూనీగ ఈ ఏడూ కనపడలేదు." ఒకచోట, "వాడి కళ్లు మంచివి, నావే మసకబారాయి" అని కూడా ఉంది.

నిజం రాద్దామనే పెన్ను తీశాను. మీ అక్షరాల కింద "ఈ ఏడూ కనపడలేదు" అని రాసి మూసేశాను.