సున్నం పొట్లం

అన్నయ్యా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నువ్వు చూడాలనుకున్న ఆ బైజాంటైన్ కాలపు చర్చిని, మన సంఘం వాళ్లతో టర్కీ వెళ్లి చూసొచ్చాను. సముద్రం ఒడ్డున చిన్న ఊరు. మన ఊరు క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపానికి బీటలు వారిన చర్చిలకి సున్నం పని చేసిన నువ్వు, పాత పూతని నన్ను వేలితో కూడా తాకనిచ్చేవాడివి కాదు.

లోపల చీకటి. "ఫోన్ లైట్ పట్టుకోమ్మా, ప్రభువు ముఖం చూద్దాం" అంది మాతో వచ్చిన సుజాత ఆంటీ. పట్టుకున్నాను. ఆవిడ ఇంటి తాళంచెవితో గోడ సున్నం మీద గీసిన ప్రభువు బొమ్మ చెంప గీకి, రాలిన సున్నం టిష్యూలో పట్టింది. "దగ్గరుంటే రోగాలు పోతాయి" అంది.  నేను లైట్ అలాగే పట్టుకుని ఉన్నాను.

తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులో, బయటి మట్టి దేశంలోకి రానివ్వరని బూట్ల మట్టి చూపించి కడిగించుకున్న మనిషి, ఆ పొట్లాన్ని మాత్రం బైబిల్లో దాచి తెచ్చింది. ఈ ఉదయం అందులో సగం పట్టుకుని మనింటికొచ్చింది. "మీ అన్నయ్యకి ఇష్టం కదా, సమాధి మీద చల్లు" అంది.

"థాంక్స్ ఆంటీ" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు ఇంకా రోతగా ఉంది.

పొట్లం నీ తాపీ పక్కన పెట్టాను. నీ దగ్గరికి ఈరోజు రాలేదు. వస్తే, లైట్ ఎవరు పట్టుకున్నారని అడుగుతావు.